ఇల్లు ఊడ్చే రోబో: సంతోష్‌నగర్ ఇళ్లకి పనికొస్తుందా? కొనేముందు ఏం చూసుకోవాలి?

డాలస్‌లో ఉంటున్న మా మామూ కొడుకు పోయిన ఎండాకాలం వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. ఇంటి ముందు పచ్చటి లాన్, దాని మీద తాబేలు లాంటి మెషీన్ తనంతట తానే తిరుగుతూ గడ్డి కోస్తోంది. మా ఫుప్పు ఆ వీడియో రెండుసార్లు చూసి, "మన దగ్గర గడ్డి ఎక్కడుంది బేటా, ఉన్నదంతా దుమ్మే. దుమ్ము తీసేది ఏమైనా ఉంటే చెప్పు" అంది.

ఫుప్పుది సంతోష్‌నగర్‌లో మెయిన్‌రోడ్డుకి దగ్గరగా రెండో అంతస్తు ఫ్లాట్. ఒక మోకాలికి ఆపరేషన్ అయింది, రెండోది వాయిదాల మీద నడుస్తోంది. పొద్దున పనికి వచ్చే ఆమె ఊడ్చి తుడిచి వెళ్తుంది. అసర్ టైమ్‌కి కిటికీ పక్కన వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. చీపురు పట్టి వంగలేదు, పాకే మనవడిని నేల మీద వదల్లేదు. ఇలాంటి ఇల్లు మన మొహల్లాలో ఒకటి రెండు కాదు. అందుకే ఫుప్పు కోసం వెతికింది, కొన్నాక దెబ్బతిని నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ గడ్డి కోసే రోబో సంగతి రెండు ముక్కల్లో. స్వీడన్‌కి చెందిన హస్క్‌వర్నా 1995లోనే సోలార్‌తో నడిచే గడ్డి రోబోను అమ్మకానికి పెట్టింది. పాత పద్ధతి రోబోలకి లాన్ చుట్టూ ఒక వైరు పాతాలి, అది దాటి పోవు. కొత్తవి శాటిలైట్ సిగ్నల్‌తో, కెమెరాతో హద్దు తెలుసుకుంటాయి. మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్ ఉన్నవాళ్లు ఆలోచించొచ్చు. కానీ కింద బ్లేడ్లు తిరుగుతుంటాయి కాబట్టి పిల్లలు ఆడుకునేటప్పుడు నడపకూడదు. 120 గజాల ఇంట్లో నాలుగు పూలకుండీలు ఉన్న మనకి దాంతో పని లేదు. ఆ హస్క్‌వర్నా అప్పట్లో ఎలక్ట్రోలక్స్ గ్రూపులో ఉండేది. అదే ఎలక్ట్రోలక్స్ 2001లో ట్రైలోబైట్ అనే ఊడ్చే రోబోను అమ్మింది. మరుసటి ఏడాది అమెరికాలో ఐరోబో కంపెనీ రూంబా వచ్చింది. అంటే గడ్డి కోసేదీ, మన నేల ఊడ్చేదీ ఒకే ఖాందాన్ అనుకోవచ్చు.

దారి ఎలా తెలుస్తుంది?

ధర పది పన్నెండు వేల దగ్గర మొదలై లక్ష దాకా పోతుంది. ఈ తేడాలో ఎక్కువ భాగం రోబో దారి తెలుసుకునే తీరుదే. చవక రకం గోడకి గుద్దుకుని తిరిగొస్తుంది, ఒకే మూల నాలుగుసార్లు ఊడ్చి ఇంకో మూల వదిలేస్తుంది. దాని పైరకంలో గైరోస్కోప్ ఉంటుంది. మన ఏరియా వాళ్లకి ఇది కొత్త మాట కాదు. కంచన్‌బాగ్ డీఆర్‌డీఎల్‌లో, అటు రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌లో క్షిపణులకి దారి చూపే పరికరాల మీదే పని జరుగుతుంది. 1982లో డీఆర్‌డీఎల్ డైరెక్టర్‌గా వచ్చిన అబ్దుల్ కలాం గారి పేరే 2021 డిసెంబర్‌లో ఓవైసీ హాస్పిటల్ చౌరస్తా దగ్గర తెరిచిన ఫ్లైఓవర్‌కి పెట్టారు. క్షిపణి ఎటు తిరిగిందో లోపలి నుంచే కొలిచే ఆ పద్ధతికి బుల్లి రూపం ఈ రోబోలో ఉంటుంది. లోపం ఏంటంటే చిన్న చిన్న తప్పులు పోగై, కాసేపటికి తను ఎక్కడుందో తానే మర్చిపోతుంది.

మూడోది లైడార్. రోబో నెత్తి మీద చిన్న టోపీలాంటిది ఉంటుంది, అందులో లేజర్ గిర్రున తిరుగుతూ గోడలు ఎంత దూరంలో ఉన్నాయో కొలిచి ఇంటి నక్షా గీస్తుంది. చీకట్లో కూడా పనిచేస్తుంది. ఫోన్‌లో ఆ నక్షా మీద గీత గీసి "ఇక్కడికి రావద్దు" అని చెప్పొచ్చు. నా మాట వింటే డబ్బు ఈ ఒక్కదానికే ఎక్కువ పెట్టండి. బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో వేసే పాస్కల్ నంబర్, అంటే గాలిని లాగే బలం, టైల్స్ నేలకి అంత ముఖ్యం కాదు. మందపాటి ఖాలీన్లు ఉన్న ఇంటికే ఆ లెక్క చూడాలి. ఖాలీన్ నలుపు రంగుదైతే ఇంకో తమాషా. మెట్ల మీంచి పడకుండా రోబో కింద సెన్సర్లు ఉంటాయి, వాటి వెలుతురుని నల్లరంగు మింగేస్తుంది. దాంతో రోబో అక్కడ గుంత ఉందనుకుని ముందుకి కదలదు.

స్కేలు పట్టుకుని నేల మీద కూర్చోండి

షాపుకి వెళ్లేముందు ఇల్లు కొలవండి. లైడార్ ఉన్న రోబో ఎత్తు సుమారు 10 సెంటీమీటర్లు ఉంటుంది. దీవాన్, సోఫా, అల్మారా కింద అంతకంటే తక్కువ ఖాళీ ఉంటే అక్కడి దుమ్ము అక్కడే ఉంటుంది. చాలా మోడళ్లు 2 సెంటీమీటర్ల దాకానే గడప ఎక్కగలవు. కొత్త ఫ్లాట్లలో ఇబ్బంది లేదు. షాబాద్ బండలు, చెక్క చౌకట్లు ఉన్న పాత ఇళ్లలో గదికో గడప, గడపకో ఎత్తు. అలాంటి ఇంట్లో రోబోని గది గదికీ ఎత్తి పెట్టాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్ల కోసం కొన్న వస్తువుని రోజూ వంగి ఎత్తాలంటే కొని ఏం లాభం?

తర్వాత నేల మీద ఏముందో చూడండి. ఫోన్ చార్జర్ వైర్లు, పిల్లల సాక్సులు, కర్టెన్ అంచులు, జానమాజ్ కుచ్చులు. ఫుప్పు ఇంట్లో మొదటి వారమే రోబో మదీనా నుంచి తెచ్చిన జానమాజ్ కుచ్చుల్ని బ్రష్‌లోకి చుట్టేసుకుంది. కత్తెరతో కోసి తీశాం. ఆమె ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నేల మీద రిహాల్ పెట్టే అలవాటు ఉన్న ఇంట్లో రోబో మొదలయ్యేలోపు ఖురాన్ షరీఫ్ పైకి చేరాలి, ఇందులో మర్చిపోవడం ఉండకూడదు. దస్తర్‌ఖాన్ ఎత్తగానే రోబోని వదలడం కూడా వద్దు. తడి అన్నం మెతుకులు, మసాలా లోపల ఇరుక్కుంటే రెండో రోజుకి డబ్బా వాసన కొడుతుంది. ఎముక ముక్క దొరికితే బ్రష్ ఆగిపోతుంది. బక్రీద్ రోజు దాన్ని అల్మారాలో పెట్టి తాళం వేయండి.

ఆడవాళ్ల పొడుగు వెంట్రుకలు ప్రతి రోబోకీ శత్రువే. వారానికోసారి బ్రష్ తీసి వెంట్రుకలు కోయాలి. దుమ్ము డబ్బాను మేడ మీద కాకుండా ఇంట్లోనే దులిపితే తీసిన దుమ్ము మళ్లీ మన ముక్కులోకే వస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లు ఆ పని వేరేవాళ్లకి చెప్పాలి.

తుడవడం వేరు, పాక్ చేయడం వేరు

అసలు విషయం ఇది. ఇప్పుడు చాలా రోబోలు ఊడ్చడంతో పాటు తుడుస్తాయి కూడా. వెనుక చిన్న నీళ్ల ట్యాంక్, దాని కింద గుడ్డ. మామూలు రకంలో ట్యాంక్‌లో పావు లీటర్ చుట్టుపక్కల నీళ్లు పడతాయి. ఆ కాసిని నీళ్లతో, అదే గుడ్డతో ఇల్లంతా తిరుగుతుంది. కాలి గుర్తులు, సన్నటి దుమ్ము పోతాయి, నేల మెరుస్తుంది. అంతవరకే.

ఒక జుమా రోజు పొద్దున మనవడు హాల్లో మూత్రం పోశాడు. ఎవరూ చూడలేదు. తొమ్మిదిన్నరకి టైమ్ ప్రకారం రోబో బయల్దేరింది. ఆ తడి మీంచి వెళ్లి, హాలంతా తిరిగి, ఫుప్పు కుర్చీ వేసుకుని నమాజ్ చేసే గదిలోకి కూడా వెళ్లింది. ఫోన్‌లో మాత్రం "క్లీనింగ్ పూర్తయింది" అని మెసేజ్ వచ్చింది. ఇంకేముంది, పనికి వచ్చే ఆమెని మళ్లీ పిలిపించి, బకెట్లతో నీళ్లు పోసి మొత్తం ఇల్లు కడిగితే గానీ ఫుప్పు మనసు ఊరుకోలేదు. ఏ నేల ఎలా పాక్ అవుతుంది, ఎండితే సరిపోతుందా, ఎన్నిసార్లు నీళ్లు పోయాలి అన్న మసాయిల్ మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ని అడగండి, అది నేను చెప్పేది కాదు. మెషీన్ గురించి చెప్పగలిగింది ఒకటే: దానికి నజాసత్ తెలీదు. ఒక చోట అంటుకున్నది ఇల్లంతా పూస్తుంది. గుడ్డని దానంతట అదే కడుక్కునే ఖరీదు రకాలు ఉన్నాయి, అవి కూడా మధ్యమధ్యలో డాక్‌కి వెళ్లి కడుక్కుంటాయి తప్ప మూత్రం తగిలిన క్షణంలో ఆగవు.

కాబట్టి పిల్లలు ఉన్న ఇంట్లో తుడిచే గుడ్డ పెట్టకుండా ఊడ్చడానికే వాడటం మంచిది. తుడవాలనిపిస్తే ముందు నేల చూసి, మనిషి ఇంట్లో ఉన్నప్పుడే నడపాలి. నమాజ్ గదికి నక్షాలో గీత గీసేయండి. ఊడ్చేటప్పుడు కూడా తడి మీద వదలొద్దు, నీళ్లు లోపలికి లాగితే మోటార్ పాడవుతుంది. ట్యాంక్‌లో ఫినాయిల్, యాసిడ్ పోయకూడదు. బోరు నీళ్లు పోస్తే తెల్లటి సున్నంలాంటిది పేరుకుని సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి, తాగే ఫిల్టర్ నీళ్లే పోయండి.

కెమెరా ఉందా, లేదా?

పర్దా పాటించే ఇళ్లవాళ్లు షాపులో మొదట అడగాల్సిన ప్రశ్న ఇది. 2022 డిసెంబర్‌లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ ఒక కథనం వేసింది. రోబోలు ఇళ్లలో తీసిన ఫొటోలు సోషల్ మీడియా గ్రూపుల్లోకి చేరాయి, అందులో బాత్‌రూమ్‌లో ఉన్న ఒక మహిళ ఫొటో కూడా ఉంది. అవి మార్కెట్‌లో అమ్మినవి కావని, పరీక్షల కోసం ఒప్పుకున్నవాళ్ల ఇళ్లలో పెట్టినవని ఐరోబో చెప్పింది. ఫొటోల్లో ఏముందో కంప్యూటర్‌కి నేర్పే పని చేసే కూలీల దగ్గర నుంచి అవి బయటికొచ్చాయి. 2024లో అమెరికాలో కొన్ని ఇకోవాక్స్ రోబోల్ని హ్యాకర్లు చేతిలోకి తీసుకుని, వాటి స్పీకర్లోంచి ఇంట్లోవాళ్లని తిట్టారు.

లైడార్ రకానికి కెమెరా అక్కర్లేదు, కానీ లైడార్‌తో పాటు ముందు కెమెరా కూడా ఉండే మోడళ్లు ఉన్నాయి. బాక్స్ మీద "ఏఐ ఆబ్‌స్టకిల్", "హోమ్ మానిటరింగ్" లాంటి మాటలు కనిపిస్తే కెమెరా ఉందేమో అడగండి. ఉంటే నేనైతే వద్దంటాను. వైరు మీదికి ఎక్కకుండా తప్పుకుంటుందని అమ్మేవాడు చెప్తాడు, నిజమే. వైరు మనమే తీసుకుందాం.

ఇంకో చిన్న విషయం, యాప్ ఎవరి ఫోన్‌లో ఉండాలి? ఫుప్పు కొడుకు సెలవుల్లో వచ్చినప్పుడు తన ఫోన్‌లో అకౌంట్ పెట్టి రియాద్ వెళ్లిపోయాడు. అక్కడి నుంచి రోబో ఆన్ చేసి "అమ్మీ, ఇల్లు ఊడుస్తున్నా" అని ఫోన్ చేసేవాడు. సరదాగానే ఉండేది. కానీ వైఫై పాస్‌వర్డ్ మారిన రోజు ఇక్కడ ఎవరికీ ఏమీ చేయడం రాలేదు. ఇంట్లో ఉండేవాళ్ల ఫోన్‌లోనే పెట్టండి. చాలా రోబోలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి, 5కి కలవవు, రౌటర్ పెట్టినతన్ని అడిగి అది ఆన్ చేయించుకోండి. పెద్దవాళ్ల కోసం రోబో మీద బటన్ నొక్కితే యాప్ లేకుండా నడిచేదే తీసుకోవాలి.

"నో కాస్ట్ ఈఎంఐ"లో వడ్డీ ఎక్కడ దాక్కుంటుంది

నేను బీకాం చదివాను, ఈ పేరు చూస్తే నాకు మంటే. 2013 సెప్టెంబర్‌లోనే రిజర్వ్ బ్యాంక్ సున్నా వడ్డీ అనేదే ఉండదని బ్యాంకులకి చెప్పింది. అందుకే ఇప్పుడు లెక్క ఇలా రాస్తారు. రోబో ధర 24,000 అనుకుందాం, 6 నెలల వడ్డీ 1,000 అనుకుందాం. షాపువాళ్లు 1,000 డిస్కౌంట్ ఇస్తారు, బ్యాంక్ 23,000 అప్పుగా రాసి నెలకి 4,000 చొప్పున 24,000 వసూలు చేస్తుంది. మీ కార్డ్ స్టేట్‌మెంట్‌లో వడ్డీ అనే వరుస ఉంటుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 180. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే దాని జీఎస్టీతో కలిపి 235 దాకా. మొత్తం 415 రూపాయలు జేబులోంచి పోతాయి. డబ్బు చిన్నదే. కాగితం మీద మాత్రం మీరు వడ్డీ కడుతున్నట్టే ఉంటుంది, ఇది తెలిసి ఆలిమ్‌ని అడిగి నిర్ణయించుకోండి. ఫుప్పు మొహల్లా ఆడవాళ్లతో వేసిన చిట్టీ ఎత్తుకుని నగదు కట్టింది.

గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి ఎవరైనా తెస్తామంటే ఆగి ఆలోచించండి. అమెరికా కరెంట్ 120 వోల్టులు, మనది 230. మామూలు చార్జర్లు చాలావరకు రెండింటికీ పనిచేస్తాయి. డబ్బాలోని దుమ్ము తానే ఖాళీ చేసే పెద్ద డాక్‌లు మాత్రం ఒకే వోల్టేజ్‌కి చేసినవి ఉంటాయి, ఇక్కడ ప్లగ్ పెడితే కాలిపోతాయి. వారంటీ కూడా ఇక్కడ నడవకపోవచ్చు.

కంపెనీ పేరు పెద్దదైతే చాలనుకోవద్దు. నీటో కంపెనీ 2023లో మూతపడింది. రూంబా చేసే ఐరోబో 2025 డిసెంబర్‌లో అమెరికా కోర్టులో దివాలా రక్షణ కోరింది. అందుకే హైదరాబాద్‌లో సర్వీస్ సెంటర్ ఉందా, ఫిల్టర్, సైడ్ బ్రష్, బ్యాటరీ విడిగా దొరుకుతాయా అని కొనేముందే ఫోన్ చేసి కనుక్కోండి. బిల్లు దాచుకోండి. వారంటీలో ఉన్నది బాగుచేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు.

ఇప్పుడు ఫుప్పు ఇంట్లో రోబో పిల్లలు స్కూల్‌కి వెళ్లాక ఒకసారి, అసర్‌కి ముందు ఒకసారి ఊడుస్తుంది. తుడిచే గుడ్డ కిచెన్ డ్రాయర్‌లో ఉంది. పనికి వచ్చే ఆమెని మాన్పించమని కోడలు అంటే ఫుప్పు ఒప్పుకోలేదు. నేల కడగడం, బాత్‌రూమ్‌లు ఆమె పని, జీతం అంతే. రోబో బ్రష్‌లో వెంట్రుకలు కోసే పని కూడా ఇప్పుడు ఆమెదే, దానికి నెలకి 200 ఎక్కువ అడిగింది. బేరం నడుస్తోంది.