ఆయిల్ సీలు నూనెను ఆపుటలేదు

తండ్రిగారి కాలపు జావా మోటారుసైకిలు ఇంజినును విప్పించి, క్రొత్త ఆయిల్ సీళ్లు వేయించి బిగించినను, బండి నిలిచియున్నంతవఱకు చుక్కయైన రాలక, కొంతదూరము నడచినంతనే చైను స్ప్రాకెట్టు వెనుకనుండి గేరునూనె కారుచున్నదేమని యొక పాఠకుడు వ్రాసినాడు. నిలిచినపుడు నూనెమట్టము సీలునకు దిగువ నుండుట కొంత కారణమే యగును గాని, ఆ మాటతో సరిపుచ్చుటకు నాకు మనసొప్పలేదు.

1961 నుండి మైసూరులో తయారైన ఆ బండ్లలో ఇంజినును గేర్లును ఒకే పెట్టెలో నుండును. తిరుగు షాఫ్టు వెలికివచ్చు తావున నూనెకు కావలి ఆయిల్ సీలు: ఉక్కుకట్టునకు అతికిన రబ్బరు వలయము, లిప్పు అని మెకానిక్కులనెడి సన్నని పెదవి, దానిని షాఫ్టునకు ఒత్తిపట్టు చుట్టుస్ప్రింగు. ఇంతియే.

పెదవి గట్టిగా పట్టుటచేతనే నూనె ఆగుచున్నదని చిరకాలము అందఱును నమ్మిరి. అదియే నిజమైనచో, పొడి రబ్బరు వేగముగా తిరుగు ఉక్కుపై ఒఱసికొని మాడిపోవలసినదే కదా! పెదవిక్రింద అతిసూక్ష్మమైన నూనెపొర యుండునని 1957లో ఇంగ్లాండునందలి జాగర్ చూపెను. పొర యుండియు నూనె వెలికి రాదేమి యన్న ప్రశ్నకు, తలతన్యతయే పట్టియుంచునని యాయన చెప్పిన సమాధానము మాత్రము చాలలేదు.

నిజమేమన, పెదవికి రెండు వాలులు కలవు. నూనెవైపు వాలు సుమారు 45 డిగ్రీలు, గాలివైపుది 25 డిగ్రీల ప్రాంతము. అందుచేత ఒత్తిడి శిఖరము నూనెవైపునకు జరిగియుండును. షాఫ్టు తిరుగునపుడు రబ్బరుపైనున్న సూక్ష్మమైన గరుకులు ఆ శిఖరముకడ అధికముగా ఈడ్వబడి, ఇరువైపులను ఏటవాలు చాళ్లవలె వంగి, ద్రవమును ఎదురెదురుగా త్రోయును. గాలివైపు చాళ్లే పొడవైనవి గనుక గెలుపు వానిదే యగును. సీలు తలుపు కాదు, పంపు! గాలివైపున నూనె పోసినచో దానిని లోనికి లాగుకొనుట ప్రయోగశాలలలో కన్నులార చూచిన సంగతి. కావుననే త్రిప్పివేసిన సీలు ఊరక కారుట గాదు, పెట్టెలోని నూనెను శ్రద్ధగా తోడి పారబోయును. మన పాఠకుడు స్ప్రాకెట్టు తీసి చూచుగాక. సీలులోని స్ప్రింగు బయటినుండి కనబడినచో దోషము దొరకినట్లే.

బిగించునపుడు పెదవికి నూనె రాయవలెననియు, అంచునంతను సమముగా తాకు గొట్టముతో నెట్టవలెననియు, షాఫ్టు మరలపై పలుచని ప్లాస్టిక్కు చుట్టి సీలును దాటించవలెననియు ప్రతి మెకానిక్కు ఎఱుగును; చేయువారే అరుదు. అంతకన్న దారుణము, తళతళలాడవలెనని షాఫ్టును ఎమరీ కాగితముతో ముందువెనుకలకు జరుపుచు రుద్దుట. ఆ గీతలు మరచుట్లై, తిరుగు దిక్కునుబట్టి నూనెను వెలికి నడపవచ్చును. షాఫ్టును అడ్డముగా పట్టి, నూనె రాసి, చిన్న బరువు కట్టిన దారపుటుచ్చును దానిపై వ్రేలాడదీసి మెల్లగా త్రిప్పినచో, గీతలు సర్పిలములైనపుడు దారము ఒక ప్రక్కకు నడచును. షాఫ్టును ఎదురు దిక్కున త్రిప్పినచో అదే దారము మరలివచ్చును.