వీథి పలకల పలుకులు

పట్టణమున నడచువాడు పుస్తకము చేతబట్టకున్నను దినమునకు నాలుగైదు పుటలంత చదువక తప్పదు. దుకాణముల నెత్తిని, గోడలమీద, లారీల వెనుక, రైలు స్టేషనులయందు వ్రాతలే వ్రాతలు. వ్రాసినవారి పేరు క్రింద నుండదు. అయినను మన ప్రజల హాస్యము, భయము, భక్తి ఈ పలకలయందు గోచరించినంతగా మరియొకచోట గోచరింపవని మా యభిప్రాయము.

"ఇచ్చట ప్రకటనలు అంటింపరాదు" అని బారెడేసి యక్షరములతో వ్రాయించిన గోడకు మొదట అందము చెరచునది ఆ వాక్యమే. పైగా తెలుగున నిషేధము క్రియ చివర దాగియుండును. సున్నము పెచ్చులూడి "రాదు" రాలిపోయినచోట ఆకతాయి యెవడైన బొగ్గుతో "వచ్చును" అని చేర్చెనా, యజమాని యనుమతి యిచ్చినట్లే యగును. గోడలకడ మూత్రవిసర్జనమును మాన్పుటకు గార్దభముతో పోల్చి తిట్టిచూచిరి, ఫలింపలేదు. ఇప్పుడు పెక్కు నగరములలో దేవతల బొమ్మలుగల పింగాణి పలకలను గోడ యడుగున పొదుగుచున్నారు. మురికికాలువ ప్రక్కన వేంకటేశ్వరుని కాపలా యుంచుట మాకు రుచింపలేదు. మరుగుదొడ్లు కట్టింపవలసినవారు తమ పనిని దేవున కొప్పగించిరి.

ఇల్లు అద్దెకిచ్చువారు "టు లెట్" అని ఇంగ్లీషున పలక వ్రేలాడదీయుట ఆచారమైనది. ఆ రెండు మాటల నడుమ "ఐ" అను ఒక్క నిలువుగీత గీచినచో ఇల్లు మరుగుదొడ్డి యగును. ఆ గీత గీయు కుర్రవాండ్రు ప్రతి పేటయందును కలరు. "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అను తెలుగు వాక్యమున కిట్టి యపాయము లేదు. అంగళ్లలోని "నేడు రొక్కము, రేపు అరువు" అను పలకయు మంచిదే. ఆ రేపు ఎన్నడును రాదని ఇరువురకును తెలియును. మొగముమీద లేదనుటకంటె నిది మర్యాద.

రైలు మార్గములలో పసుపుపచ్చని పలకలు ఊరి పేరుతోపాటు సముద్రమట్టముపై నెంత యెత్తో చెప్పును. అరకు దాపున 996 మీటర్ల యెత్తుననున్న శిమిలిగూడ, దేశమున బ్రాడ్‌గేజి స్టేషనులన్నిటిలో నున్నతమైనదని అచటి పలక చాటుచుండెడిది. 2008లో కాశ్మీరలోయయందు రైలు నడచుటతో ఆ బిరుదు పోయినది. రేణిగుంట–అరక్కోణము మార్గమున వేంకటనరసింహరాజువారిపేట కలదు; రైలు కదలులోపల ఆ పేరు చదివి ముగించుట పసివారికి పరీక్షయే.

1960లో స్థాపితమైన సరిహద్దు రహదారుల సంస్థ హిమాలయములయందు "పెండ్లియైనవాడవైనచో వేగమునకు విడాకులిమ్ము" అను ధోరణిని ఇంగ్లీషున హెచ్చరికలు వ్రాయించినది. లడఖ్ పోయినవారు మంచుకొండలతోపాటు వీనిని గూడ ఛాయాచిత్రములు తీసికొనుచున్నారు. నవ్వు బాగుగనే యున్నది, ఆ భాష తెలిసినవారికి. మన రహదారులపైనో "యాక్సిడెంట్ ప్రోన్ ఏరియా" అని తెలుగు లిపిలో వ్రాసి భాషాసేవ ముగిసినదని తలంచువారు కలరు. చీకటివేళ ట్రాక్టరు తోలుకొని వచ్చు రైతు దానిని కూడబలుకుకొని చదువగలడు. అర్థము మాత్రము కాదు. "ఇచ్చట ప్రమాదములు జరుగుచున్నవి" అని వ్రాసినచో తెలియనివారెవరు? 1966లోనే తెలుగును అధికారభాషగా శాసనము చేసికొంటిమి. కచ్చేరీ కాగితములకంటె ముందు మలుపువద్ద ప్రాణము కాపాడు మాటలు తెలుగు కావలసియున్నవి. "నిదానమే ప్రధానము", "వేగముకన్న ప్రాణము మిన్న" అను మాటలు కల్పించినవారెవరో గాని ధన్యులు.

ఇక లారీల వెనుకటి "హారన్ ఓకే ప్లీజ్" సంగతి. ఊరక మ్రోతను ప్రేరేపించుచున్నదని మహారాష్ట్ర ప్రభుత్వము 2015లో దానిని నిషేధించినది. మనవారి ఆటోలపై "నన్ను చూచి ఏడవకురా" అను పలుకే ప్రసిద్ధము. దిష్టి తగులకుండుటకు ముందు నిమ్మకాయ, వెనుక పాతచెప్పు. ఇంత యసూయ పుట్టింపగల ఆ బండి ఏ బ్యాంకునకు తాకట్టుననున్నదో కూడ పలుమారు ఆ ప్రక్కనే చిన్న యక్షరములతో వ్రాసియుండును.