ఎన్నికల వేళ క్రైస్తవ సంఘం: బోధనకూ ఒత్తిడికీ మధ్య గీత

2024 మే 13, సోమవారం నాడు ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకు, లోక్‌సభకు ఒకేసారి పోలింగు జరిగింది. అనకాపల్లి నియోజకవర్గంలో పోలింగు ముగిసే వేళ సాయంత్రం ఆరు గంటలు. కాబట్టి ప్రచారం శనివారం సాయంత్రం ఆరింటికే ఆగిపోవాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 126వ సెక్షను ఆ 48 గంటలలో ఎన్నికలకు సంబంధించిన బహిరంగ సభలను నిషేధిస్తుంది. అతిక్రమిస్తే రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. తుమ్మపాల వంటి గ్రామంలో ఆదివారం ఉదయం ఆరాధనకు కూడిన సంఘం సరిగ్గా ఆ నిశ్శబ్ద కాలంలోనే కూడింది. ఆ ఉదయం పాస్టరు దేశం కోసం, న్యాయమైన పాలన కోసం ప్రార్థించవచ్చు. తిమోతికి రాసిన మొదటి పత్రిక కోరేది కూడా అదే. కాని ఒక అభ్యర్థి పేరు చెప్పి, గెలిపించమని మైకులో ప్రార్థిస్తే అది ప్రార్థన అవుతుందా, ప్రచారం అవుతుందా? ఈ పాఠ్యభాగంలో మన చర్చ ఈ ప్రశ్న చుట్టూనే సాగుతుంది.

వేరుగా ఓటు వేసిన కాలం

"క్రైస్తవుల ఓటు" అనే మాట ఒకప్పుడు అలంకారం కాదు, చట్టంలోనే ఉండేది. విశాఖపట్నం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1919 చట్టం కింద మద్రాసు శాసనమండలిలో భారతీయ క్రైస్తవులకు 5 స్థానాలు ప్రత్యేకంగా ఉండేవి. 1932 ఆగస్టులో వచ్చిన కమ్యూనల్ అవార్డు, ఆ తరువాత 1935 చట్టం ఈ పద్ధతిని కొనసాగించాయి. మద్రాసు శాసనసభలోని 215 స్థానాలలో 8 భారతీయ క్రైస్తవులవి. వాటికి క్రైస్తవులే ఓటు వేయాలి.

దీనిని వ్యతిరేకించిన వారిలో ముఖ్యుడు తెలుగు నేలమీద పనిచేసిన దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1912లో అభిషేకం పొందిన ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. సంఘం అంటే అన్ని కులాలవారినీ కలుపుకొనే సహవాసమే గాని, ప్రభుత్వం ముందు వాటా అడిగే మరో వర్గం కాదని ఆయన భావించారు. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రత్యేక నియోజకవర్గాలు ఉన్నంతకాలం ఒక మనిషి బాప్తిస్మం తీసుకుంటే ఒక జాబితాలో ఓటు తగ్గి మరో జాబితాలో పెరుగుతుంది. విశ్వాసం లెక్కల వ్యవహారమైపోతుంది. చివరకు 1949 మే నెలలో రాజ్యాంగ సభ మతపరమైన మైనారిటీలకు ప్రత్యేక స్థానాలు వద్దని నిర్ణయించింది. సభ ఉపాధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ స్వయంగా క్రైస్తవుడు, ఆ నిర్ణయాన్ని బలపరిచినవాడు. భద్రమైన కొన్ని కుర్చీలు పోయాయి. దానికి బదులుగా ప్రతి అభ్యర్థీ క్రైస్తవుల గుమ్మం కూడా తొక్కవలసి వచ్చింది. ఇది నష్టంకన్న లాభమేనని నా అభిప్రాయం. నేడు ఓట్లను గంపగుత్తగా ఒకరికి అప్పగించే సంఘ నాయకులు, అజరయ్య వద్దన్న దానినే దొడ్డిదారిన తిరిగి తెస్తున్నారు.

సలహా ఎంతవరకు?

మతపెద్దకు రాజకీయ అభిప్రాయమే ఉండకూడదని చట్టం అనలేదు. 1957 పంజాబు ఎన్నికలలో నామ్‌ధారీ సిక్కుల గురువు ఒక అభ్యర్థికి ఓటు వేయమని అనుయాయులకు ఆజ్ఞ ఇచ్చారు. ఆ వివాదం రామ్ దయాళ్, సంత్ లాల్ కేసుగా 1959లో సుప్రీంకోర్టుకు చేరింది. గురువుకూ పౌరుడిగా అభిప్రాయం చెప్పే హక్కు ఉందని కోర్టు ఒప్పుకుంది. అయితే అనుయాయికి మరో దారి మిగలకుండా ఆజ్ఞాపిస్తే అది అనుచిత ప్రభావం అవుతుందని తేల్చింది. 123వ సెక్షనులోని రెండవ ఉపవిభాగం దీనిని ఇంకా స్పష్టంగా చెబుతుంది: ఫలానా విధంగా ఓటు వేయకపోతే దైవాగ్రహానికి గురవుతావని నమ్మించడం తప్పు. బల్లకు దూరం చేస్తామని బెదిరించడం ఈ కోవలోకే వస్తుంది.

మూడవ ఉపవిభాగం మతం పేరుతో ఓటు అడగడాన్ని నిషేధిస్తుంది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం చూపి అడిగినా తప్పేనని 2017 జనవరి 2న అభిరామ్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4–3 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. విద్యార్థులు ఒక విషయం గమనించాలి: అభ్యర్థి సమ్మతితో పాస్టరు అలా అడిగితే, గెలిచిన ఆ అభ్యర్థి ఎన్నికే రద్దు కావచ్చు.

ఇక కానుకల సంగతి. ఎన్నికల ముందు ప్రార్థనా మందిరానికి స్లాబు వేయిస్తాననో, మైకుసెట్టు కొనిస్తాననో వచ్చే మాటలు అందరికీ తెలిసినవే. ఓటరు చేతికి కాకుండా సంఘానికి ఇచ్చినా, ఓట్లు రాబట్టే ఉద్దేశంతో ఇస్తే అది లంచమే. ప్రభుత్వం ఇటీవలి సంవత్సరాలలో పాస్టర్లకు ప్రకటించిన నెలకు రూ.5,000 గౌరవ వేతనం వేరు. అది ప్రజాధనం, ఏ పార్టీ సొమ్మూ కాదు. పుచ్చుకున్నవారు ఎవరికీ ఓట్లు బాకీ పడరు.

సభ్యుల పట్టిక

చాలా పాఠ్యగ్రంథాలు దాటవేసే అంశం ఇది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడవ పేరా ప్రకారం హిందువులు, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు మాత్రమే ఎస్సీలుగా పరిగణన పొందుతారు. క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలను మన రాష్ట్రం బీసీ-సిలో చేర్చింది. పక్కనున్న పాయకరావుపేట ఎస్సీ రిజర్వుడు స్థానం. అక్కడ క్రైస్తవుడు ఓటు వేయగలడు, పోటీ చేయలేడు. కోలారు బంగారు గనుల నియోజకవర్గంలో 1967లో గెలిచిన అభ్యర్థి ఎన్నిక ఈ కారణంతోనే చెల్లకుండా పోయింది. ఆయన 1972లో మళ్లీ గెలిచారు. తిరిగి హిందువు అయ్యారని, కులస్థులు ఆయనను అంగీకరించారని తేల్చాక, 1975లో సుప్రీంకోర్టు ఆ రెండో ఎన్నికను నిలబెట్టింది.

ఆదివారం మందిరంలో కూర్చునేవారిలో ఎస్సీ ధ్రువపత్రం ఉన్న కుటుంబాలు ఎన్నో ఉంటాయి. పిల్లల చదువు, ఉద్యోగం ఆ కాగితం మీద ఆధారపడి ఉంటాయి. 2011 జనగణనలో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1.34 శాతమే కనబడటానికి ఇదొక కారణమని పరిశీలకులు చెబుతారు. పార్టీ కార్యకర్త వచ్చి "మీ సంఘంలో ఎన్ని ఓట్లున్నాయి, పేర్లివ్వండి" అన్నప్పుడు పాస్టరు సభ్యుల పట్టిక ఇచ్చేస్తే, ఆయన ఇచ్చింది ఓట్లను కాదు, ఆ కుటుంబాల గుట్టును. ఈ చట్టం న్యాయమైనదా కాదా అన్నది వేరే చర్చ. దాని బరువును బీదవారి నెత్తిన మోపే హక్కు మాత్రం ఏ కాపరికీ లేదు.

సంఘం చేయగల పని

చేయదగినది చాలానే ఉంది. పద్దెనిమిదేళ్లు నిండిన యువతచేత ఫారం 6, చిరునామా మారినవారిచేత ఫారం 8 నింపించడం స్త్రీల సమాజమో యువజన సమాజమో సులువుగా చేయగలదు. ముసలివారిని సంఘమే తన ఖర్చుతో పోలింగు కేంద్రానికి తీసుకుపోవచ్చు. అభ్యర్థి పంపిన బండి ఎక్కించకూడదు.

బైబిలు అధ్యయనానికి సమూయేలు మొదటి గ్రంథం ఎనిమిదవ అధ్యాయం మంచి ఎంపిక. రాజు కావాలన్న జనానికి, ఆ రాజు మీ నుంచి ఏమేమి తీసుకుంటాడో సమూయేలు లెక్క చెబుతాడు. మన ఎన్నికల సభలలో ఇచ్చేవాటి లెక్కే వినబడుతుంది. ఆ అధ్యాయం చదివిన సంఘం, మూతపడిన తుమ్మపాల చక్కెర కర్మాగారం గురించి, చెరకు రైతుల గురించి అభ్యర్థులను అడగవలసిన ప్రశ్నలు తానే తయారు చేసుకోగలదు. అయితే ఆ ముఖాముఖి మందిరంలో జరగకూడదు. మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం, 1988 ఆరాధనా స్థలాలలో రాజకీయ కార్యకలాపాలను నిషేధిస్తుంది. అనుమతి తీసుకుని ఊరి సామాజిక భవనంలో, నిశ్శబ్ద కాలానికి ముందే, అభ్యర్థులందరినీ పిలిచి, ఇతర మతాల ఇరుగుపొరుగునూ కూర్చోబెట్టి జరుపుకోవాలి.

అభ్యాసం: పోలింగుకు వారం ముందు ఒక సంఘ పెద్ద, తన బంధువైన అభ్యర్థిని ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి పిలుద్దామని ప్రతిపాదించాడు. అభ్యర్థి ఓటు అడగనని మాట ఇచ్చాడు. మీరు సంఘ కార్యదర్శి అయితే కమిటీకి ఏమి సలహా ఇస్తారు? పై సెక్షన్లను, అజరయ్య వాదాన్ని ఆధారం చేసుకుని 20 పంక్తులలో రాయండి.