నీటి సూటు, నరాల గడువు

కూర్చున్నవాళ్ళు గబుక్కున లేస్తే ఒక్కోసారి కళ్ళు బైర్లు కమ్ముతాయి, కాసేపట్లో సర్దుకుంటాయి. యుద్ధవిమానం నడిపేవాడికి ఇదే ఇబ్బంది అయిదారు రెట్లయి వస్తుంది. సర్దుకునే వ్యవధి మాత్రం దొరకదు. విమానం గట్టిగా మలుపు తిరిగినప్పుడు ఒంట్లో ప్రతి నెత్తుటి బొట్టూ బరువెక్కి కాళ్ళలోకి, పొట్టలోకి దిగిపోతుంది. ఎన్ని రెట్లు బరువెక్కితే అన్ని ‘జీ’లని లెక్క. ముందు చూపు మసకబారుతుంది, తరువాత చీకటి, ఆపైన స్పృహ తప్పుతుంది. దీనికి విరుగుడుగా పుట్టిన జీ-సూటును, కాళ్ళనూ పొట్టనూ నొక్కి నెత్తుటిని మెదడుకు తోసే తొడుగని చెప్పడం పరిపాటి. అది సగం నిజమే. సూటు చేసే అసలు పని గుండెను ఖాళీ కానివ్వకపోవడం, ఆ విధంగా నాడీ వ్యవస్థకు కొన్ని సెకన్ల గడువు సంపాదించిపెట్టడం.

సూటు పుట్టింది కెనడాలో, టొరంటోలోని బాంటింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో. అక్కడ క్యాన్సర్ మీద పరిశోధన చేస్తున్న విల్బర్ ఫ్రాంక్స్, సెంట్రిఫ్యూజ్‌లో పగిలిపోయే గాజు గొట్టాలు నీళ్ళలో నిలిపి తిప్పితే పగలడం లేదని గమనించారు. లోపలి ద్రవం ఎంత బరువెక్కితే బయటి నీరూ అంతే బరువెక్కి గోడను ఎదురు నొక్కుతుంది. రబ్బరు సంచిలో నీళ్ళ మధ్య ఉంచిన ఎలుకలు వంద జీలు దాటినా బతికాయి. అదే సూత్రంతో, రెండు రబ్బరు పొరల మధ్య నీళ్ళు నింపిన సూటు కుట్టించి, 1940లో ఆయనే దాన్ని తొడుక్కుని విమానమెక్కారు. 1942 నవంబరులో ఉత్తర ఆఫ్రికా తీరాన ఒరాన్ దగ్గర బ్రిటిష్ నౌకాదళ పైలట్లు దాన్ని యుద్ధంలో వాడారు. అయితే నీళ్ళు బరువు, ఉక్కపోత. వెనక్కి తిరిగి శత్రువును చూడటమే కష్టం. రెండేళ్ళలో అమెరికన్ల గాలి సూటు దాని స్థానాన్ని ఆక్రమించింది.

నీటి సూటుకు వాల్వు లేదు, మీట లేదు. జీ పెరిగితే నొక్కుడూ దానంతటదే పెరుగుతుంది. మరి ఇందులో నరాల ప్రమేయమేముందని ఎవరైనా అడగవచ్చు. సమాధానం గుండెకూ కంటికీ మధ్యనున్న సుమారు 30 సెంటీమీటర్లలో ఉంది. అంత ఎత్తు నెత్తుటి స్తంభాన్ని నిలబెట్టడానికి ఒక్కో జీకి దాదాపు 23 మిల్లీమీటర్ల పాదరస పీడనం ఖర్చవుతుంది. గుండె దగ్గర సగటు పీడనం వందకు అటూ ఇటూ. అంటే నాలుగున్నర జీలకే మెదడు దగ్గర మిగిలేది సున్నా. కంటిగుడ్డు లోపలి పీడనం 15 నుంచి 20 దాకా ఉంటుంది కనుక, ఇంచుమించు ఒక జీ ముందే చూపు పోతుంది. సూటు గుండె మట్టం దగ్గరే ఆగిపోతుంది. పైనున్న ఆ జానెడున్నరను అది ముట్టుకోదు. ఎలుకలో ఆ దూరం రెండు మూడు సెంటీమీటర్లే, అందుకే దానికి నీళ్ళు చాలాయి. మనిషికి చాలాలంటే గుండె దగ్గరి పీడనమే పెరగాలి.

దాన్ని పెంచే యంత్రాంగం మెడలోనే ఉంది. కంఠధమని గోడలోని పీడన గ్రాహకాలు సాగడం తగ్గగానే మెదడు కాండానికి కబురందుతుంది. వేగస్ నాడి పట్టు సడలి గుండె ఒకటి రెండు లబ్‌డబ్‌ల్లోనే వేగం అందుకుంటుంది. రక్తనాళాలను బిగించే నరాలు మాత్రం నిదానం. పీడనం కోలుకోవడానికి ఆరు నుంచి పది సెకన్లు పడుతుంది. నెత్తురు అందని మెదడు ఓర్చుకునేది అయిదారు సెకన్లే. పైగా నెత్తురంతా కాళ్ళలో నిలిచిపోతే గుండె ఎంత వేగంగా కొట్టుకుని ఏం లాభం? నూతిలో నీళ్ళు లేకుండా చేద ఎంత గబగబా లాగినా చుక్క రాదు. సూటు ఆ నూతిని ఎండిపోనివ్వదు.

నరాలు అంత ఆలస్యంగా మేలుకొంటే వాటికి ఘనత ఎందుకన్నది మరో అభ్యంతరం. అయితే జీని ఒక్కసారిగా కాక మెల్లగా పెంచితే, సూటు లేని మనిషి కూడా దాదాపు ఒక జీ ఎక్కువ ఓర్చుకుంటాడు. మంచి సూటు ఇచ్చే అదనపు రక్షణా ఒకటి, ఒకటిన్నర జీలే. ఇంతకన్నా గట్టి రుజువు మరొకటుంది. విమానం ముక్కును కిందికి వంచి, ఒంటి బరువు తేలికైన వెంటనే పైకి లాగితే, మామూలుగా తట్టుకునే జీకే స్పృహ తప్పవచ్చు. తల వైపు నెత్తురు ఎగబాకిన ఆ కొద్ది క్షణాల్లో నరాలు గుండెను నెమ్మదింపజేసి, నాళాలను వదులు చేసి ఉంటాయి. సూటు అదే, జీ అదే. మారింది నరాల స్థితి ఒక్కటే. కేవలం గొట్టాలూ పీడనాల లెక్కే అయితే ఈ తేడా రాకూడదు.

అందుకే సూటు ఎంత మెరుగైనా పైలట్‌కు శిక్షణ తప్పలేదు. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ సెంట్రిఫ్యూజ్‌లో మన వాయుసేన పైలట్లు కూడా కాళ్ళూ పొట్టా బిగబట్టి, ఊపిరి పట్టి వదిలే సాధన చేస్తారు. గుండెకు పైనున్న ఆ 30 సెంటీమీటర్లూ నేటికీ తొడుగు చేతిలో లేవు, తొడుక్కున్న మనిషి కండలకూ నరాలకూ వదిలేసినవే.