అరకు కోడిపిల్లకు తొలిరోజు సూది

బొర్రా దాటి, సొరంగాల చీకట్లోంచి రైలు బయటపడగానే అరకు లోయ ఎదురవుతుంది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, కాఫీ తోటలు, పచ్చగా విరిసిన వలిసె పూలు. రోడ్డు పక్కన బొగ్గుల మీద కాలుతున్న బొంగులో చికెన్ వాసన పట్నం కారును ఆపేస్తుంది. ఆ కోడి మాత్రం ఆదివాసీ ఇంటికి రుచి ఒక్కటే కాదు. అది మొక్కు తీర్చే కోడి, చుట్టం వస్తే కోసే కోడి, చేతిలో డబ్బు లేనినాడు సంతకు వెళ్లే కోడి. కొనేవాడు దాన్ని చేత్తో ఎత్తి, రొమ్ము తడిమి బేరమాడతాడు.

అలాంటి ఇంటిని దెబ్బతీసే రోగాల్లో మారెక్స్ ఒకటి. నిన్నటిదాకా తిరిగిన పెట్ట ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ చాచి పడిపోతుంది. కోసి చూస్తే కాలేయంలో, ప్లీహంలో గడ్డలుంటాయి. హంగరీ పశువైద్యుడు యోజెఫ్ మారెక్ 1907లో దీన్ని వర్ణించాడు. కారణం హెర్పిస్ జాతి వైరస్. ఈకల కుదుళ్లలో పెరిగి, పొట్టుతో, దుమ్ముతో గాలిలో వ్యాపిస్తుంది. మనుషులకు సోకదు. సోకిన కోడికి మందు లేదు.

ఈ వైరస్ గడ్డలెలా పెంచుతుంది? జంతువుల, మొక్కల కణాల్లో దాదాపు 22 అక్షరాల పొడవుండే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఉంటాయి. ఏ జన్యువు ఎంత పనిచేయాలో అదుపు చేసేవాటిలో అవీ ఉన్నాయి. వాటిని కనుగొన్న విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ దక్కింది. కోడి కణంలో ఉండే మిర్-155 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ పనినే చేసే మిర్-ఎం4ను మారెక్స్ వైరస్ తనవెంట తెచ్చుకుంటుంది. దొంగ మన తాళంచెవికే నకలు చేయించినట్టు! 2011లో ఇంగ్లండ్‌లోని వేణుగోపాల్ నాయర్ బృందం మిర్-ఎం4 కీలక భాగంలో రెండే అక్షరాలు మార్చింది. వైరస్ గడ్డలు పుట్టించలేకపోయింది. దాని స్థానంలో కోడి మిర్-155నే పెడితే ఆ శక్తి కొంతమేర మళ్లీ వచ్చింది.

ప్రయోగశాల ఇంత లోతుకు వెళ్లింది కానీ, కొండ మీది గంప దాకా రావలసింది టీకా. హైదరాబాద్ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి రూపొందించిన వనరాజా పిల్లలకు హేచరీలోనే, పుట్టిన రోజే మారెక్స్ టీకా వేస్తారు. తల్లికోడి ఇంట్లో పొదిగిన పిల్లకు మాత్రం ఆ సూది అందడం కష్టం. టీకా సీసాలో వందల డోసులుంటాయి, చల్లదనం తప్పకూడదు, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. పది కోడిపిల్లలున్న ఇల్లు తానొక్కటే సీసా తెప్పించుకోలేదు.

ఊరంతా కూడబలుక్కుంటే మాత్రం కుదురుతుంది. పొదుగుకొచ్చిన పెట్టల కింద ఒకే రోజు గుడ్లు పెడితే, 21 రోజులకు పిల్లలన్నీ కలిసే బయటికొస్తాయి. ఆ రోజుకు పశువైద్య సిబ్బందికి ముందే కబురు చేయాలి. తొలి వారాలు పిల్లల్ని పెద్ద కోళ్లకు దూరంగా ఉంచాలి, చచ్చిన కోడిని పారేయక లోతుగా పూడ్చాలి. పశుసంవర్ధక శాఖ కొండ ఊళ్లకు ఈ టీకాను, దాన్ని చల్లగా మోసుకొచ్చే పెట్టెను సమకూర్చాలి. అరకు ఇల్లాలి గంప కింది పిల్లకు కూడా తొలిరోజు సూది హక్కుగా అందాలి.