గ్రాఫు ఎవరు నేర్పాలి?

ఏడో తరగతి సైన్సు క్లాసు. మేడమ్ బోర్డు మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీశారు. అడ్డం గీత మీద నిమిషాలు, నిలువు గీత మీద కిలోమీటర్లు వేశారు. విజయవాడలో బయల్దేరిన బస్సు గుంటూరు వెళ్తోంది. మంగళగిరి దగ్గర గ్రాఫు కాసేపు అడ్డంగా సాగి మళ్లీ పైకి లేచింది. ‘ఈ అడ్డంగా ఉన్నచోట బస్సు ఏం చేస్తోంది?’ అని అడిగారు. ‘చదునైన రోడ్డు మీద పోతోంది మేడమ్’ అన్నాడు ఒక పిల్లాడు. మరి పైకి లేచినచోట? ‘కొండెక్కుతోంది!’

ఈ క్లాసు నేను ఊహించిందే. ఆ పొరపాటు మాత్రం ఊహ కాదు, సైన్సు టీచర్లు తరచూ వినేదే. పిల్లాడు గ్రాఫును బొమ్మలా చూశాడు (మంగళగిరిలో కొండ ఉన్నమాట కూడా నిజమే). అడ్డంగా సాగిన గీతకు అర్థం కాలం గడుస్తోంది, దూరం పెరగడం లేదు, అంటే బస్సు ఆగిందని. ఇలా చదవడం ఎవరో నేర్పితేనే వస్తుంది.

ఎవరు నేర్పాలి? 2007లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ ఏడో తరగతి సైన్సు పుస్తకం దూరానికీ కాలానికీ గ్రాఫు గీయమంది. ఎలా గీయాలో కొంత చెప్పింది కూడా. కానీ అదే సంస్థ అప్పటి లెక్కల పుస్తకాల్లో గీతల గ్రాఫుకు పరిచయ పాఠం ఉండేది ఎనిమిదో తరగతిలో. లెక్కల సారు తన వరుసలో తాను సరిగ్గానే వెళ్తున్నారు. సైన్సు మేడమ్ కూడా అంతే. మధ్యలో పిల్లాడికి ఒక మెట్టు తగ్గింది. ఇద్దరూ ఒకే స్టాఫ్ రూములో కూర్చుంటారు. అయినా ఈ సంగతి బయటపడే వేళ ఏడాది పొడవునా రాదు.

దాన్ని బయటపెట్టే పద్ధతినే కరికులమ్ మ్యాపింగ్ అంటారు (ఏ తరగతిలో, ఏ నెలలో, ఏం నేర్పుతున్నామో రాసి పక్కపక్కన పరిచి చూసుకోవడం). అమెరికాలో ఫెన్విక్ ఇంగ్లిష్ అనే విద్యావేత్త 1980 ప్రాంతంలో దీని గురించి రాశారు. పుస్తకంలో రాసింది, క్లాసులో చెప్పింది, పరీక్షలో అడిగింది వేరువేరుగా ఉండవచ్చని, వాటిని పోల్చి చూడాలని ఆయన వాదన. 1997లో హైడీ హేస్ జేకబ్స్ అనే ఆమె దీన్ని నెలల క్యాలెండర్ రూపంలో టీచర్లు తామే వాడుకునే పనిముట్టుగా మలిచారు.

మన టీచర్లకు ప్రణాళిక రాయడం కొత్తేమీ కాదు. వార్షిక ప్రణాళిక, యూనిట్ ప్లాను, పాఠ్య పథకం (ఒక్కో పాఠానికి రాసుకునే ప్లాను) మూడూ రాస్తారు. హెడ్మాస్టరు సంతకం పెడతారు, తనిఖీకి వచ్చినవారు చూస్తారు. ఇవన్నీ జరగాల్సిన పనిని చెబుతాయి. జరిగిన పనిని చెప్పవు. పైగా ఎవరి ప్లాను వారి దగ్గరే ఉంటుంది. మ్యాపు మొదలయ్యేది జరిగిన పనితో. అది పక్కవాళ్లు చదవడానికి రాసేది. శిక్షణలో టీచర్లకు అలవాటు చేయాల్సింది ముఖ్యంగా ఈ తేడానే.

ఈ మాట ఇప్పుడెందుకంటే, పుస్తకాలు మారుతున్నాయి. 2020 జాతీయ విద్యా విధానం, దాని ఆధారంగా 2023లో వచ్చిన పాఠశాల విద్యా ప్రణాళికా చట్రం కింద ఎన్‌సీఈఆర్‌టీ 2024లో 3, 6 తరగతులకు, 2025లో 4, 5, 7, 8 తరగతులకు కొత్త పుస్తకాలు తెచ్చింది. పుస్తకం మారితే పాఠాల వరుస మారుతుంది. పాత పుస్తకంతో టీచర్లు అనుభవం మీద సర్దుకున్న సర్దుబాట్లన్నీ పోతాయి. అదే విద్యా విధానం ప్రతి టీచరుకు ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. ఆ గంటల్లో ఏం చేయాలన్నదే ప్రశ్న.

ఒక శిక్షణ ఇలా సాగితే బాగుంటుంది. స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల బృందం) సమావేశానికి ప్రతి టీచరూ కిందటేడాది పిల్లల నోటు పుస్తకాలు రెండు తెస్తారు. డైరీ వద్దు. డైరీలో ఉండాల్సింది ఉంటుంది, నోటు పుస్తకంలో ఉన్నది ఉంటుంది. తేదీలు చూస్తూ చార్టు మీద నెలకో గడి నింపుతారు. ప్రతి గడిలో మూడు సంగతులు: ఏ పాఠం చెప్పాం, దానివల్ల పిల్లలు ఏం చేయగలగాలి, చేయగలిగారని దేన్ని బట్టి తెలిసింది. మూడోది రాయడం దగ్గరే చాలామంది పెన్ను ఆగుతుంది. ‘యూనిట్ టెస్టులో’ అని రాసి ఊరుకుంటారు. ఏ ప్రశ్నలో అని అడగాలి.

తర్వాత చార్టులన్నీ గోడకు అంటించి, ఒకరివి ఒకరు చదువుతారు. ఈ గంటసేపు ఉపన్యాసాలు ఉండకూడదు. మూడు రకాల సంగతులు కనిపిస్తాయి. మొదటిది ఖాళీ, మన గ్రాఫు లాంటిది.

‘సార్, ఏడుకు గ్రాఫులు మీరు చెప్పలేదా?’

‘అవి ఎనిమిదిలో కదా మేడమ్. నాకు తెలిస్తే సెప్టెంబరులో రెండు పీరియడ్లు ఇచ్చేవాడినే.’

రెండోది పునరుక్తి. ‘సెలవు కోరుతూ ప్రధానోపాధ్యాయునికి లేఖ’ ఆరులోనూ ఉంటుంది, ఏడులోనూ ఉంటుంది, ఎనిమిదిలోనూ ఉంటుంది. జ్వరం కూడా అదే జ్వరం. లేఖ మళ్లీ రాయించడం తప్పు కాదు. కానీ ఎనిమిదికి వచ్చేసరికి ఊళ్లో నీటి సమస్య గురించి పంచాయతీకి రాయగలగాలి కదా. మూడోది వరుస, అంటే ముందు రావాల్సింది వెనక రావడం.

ఇక సర్దుబాటు. దీనికి గ్రాంట్ విగిన్స్, జే మెక్‌టై 1998లో ఒక పుస్తకంలో వివరించిన వెనక నుంచి ప్లాను వేసే పద్ధతి బాగా పనికొస్తుంది. ముందు పిల్లలు చివరికి ఏం చేయగలగాలో తేల్చుకుంటారు. తర్వాత దాన్ని పట్టిచ్చే ప్రశ్న రాస్తారు. పాఠం ఎలా చెప్పాలన్నది ఆఖరికి. మన మంగళగిరి ప్రశ్ననే పాఠానికి ముందే రాసుకుంటే, మేడమ్ బోర్డు మీద గ్రాఫు గీయడంతో ఆగరు. పిల్లల్ని వరండాలో నడిపించి, మధ్యలో నిలబెట్టి, గడియారం చూపించి, ఆ నిలబడిన అర నిమిషం కాగితం మీద ఎలా ఉంటుందో గీయమంటారు.

దీనికి సమయం ఎక్కడిది? 2009 విద్యా హక్కు చట్టం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు ఉండాలంది. లెక్కలకు రోజుకో పీరియడ్ అనుకున్నా 220. అందులో పరీక్షలు, వాటి ముందు పునశ్చరణ, ఆగస్టు 15 రిహార్సళ్లు, టీచరు సెలవులు, ఇతర డ్యూటీలు తీసేసి 160 మిగిలాయనుకుందాం. వార్షిక ప్రణాళికను 220కి రాస్తే జనవరి నుంచి పరుగే. 160కి రాస్తే ఏ పాఠానికి ఎక్కువ, దేనికి తక్కువ ఇవ్వాలో జూన్‌లోనే తేల్చుకోక తప్పదు. చట్టమూ టీచరును రెండు వైపులా లాగుతుంది. 24వ సెక్షన్ మొత్తం పాఠ్యప్రణాళికను గడువులో పూర్తి చేయమంటుంది. ఆ వెంటనే ప్రతి బిడ్డ నేర్చుకునే శక్తినీ అంచనా వేసి అవసరమైతే అదనంగా చెప్పమంటుంది. ఆ అదనం ఎక్కడ పడుతుందో మ్యాపులో ముందే చోటు విడిచి ఉంచాలి.

ఒకే టీచరు మూడు నాలుగు తరగతులు చూసే ప్రాథమిక బడిలో మ్యాపు రూపం వేరు. అక్కడ కొలతలు అన్ని తరగతులకూ ఒకే వారంలో పెట్టుకుంటే, ఒకే తాడుతో రెండో తరగతి జానల్లో కొలుస్తుంది, ఐదో తరగతి సెంటీమీటర్లలో కొలుస్తుంది.

ఒక భయం మాత్రం ఉంది. ఈ చార్టును కూడా ఫార్మాటుగా మార్చి, ఫొటో తీసి గ్రూపులో పెట్టమంటే అంతే సంగతులు. టీచరు పనితీరు కొలవడానికి దీన్ని వాడుతున్నారని తెలిసిన రోజున, జరిగింది పోయి జరగాల్సింది గడుల్లోకి వచ్చేస్తుంది. అందుకే దీన్ని పెన్సిల్‌తో రాయించాలని నా అభిప్రాయం. స్టాఫ్ రూము గోడకే ఉండాలి. బదిలీల్లో లెక్కల సారు వెళ్లిపోతే, ఆయన చోటికి వచ్చినవారు మొదటి రోజే బీరువా పక్కన నిలబడి, ఏడో తరగతి సెప్టెంబరు గడిలో ఎదురుగా చదువుకోవాలి: ‘గ్రాఫులు, 2 పీరియడ్లు, సైన్సు కోసం.’