మళ్లీ విప్పగలిగినదే మంచి మార్పు

పాత సైకిలు ఏ కంపెనీదో చెప్పడానికి చాలాసార్లు దాని చైన్‌వీల్ చూస్తే చాలు. చక్రం నడుమ కొంగ తలలు కోసి ఉంటే అది ర్యాలీ. బీ, ఎస్, ఏ అన్న ఇంగ్లిషు అక్షరాలు ఉంటే బర్మింగ్‌హామ్ తుపాకుల కార్ఖానాలో పుట్టిన బీఎస్ఏ. ముందు ఫోర్కుకు ఒక్కో పక్కన రెండేసి గొట్టాలుంటే హంబర్ కావచ్చు. వెనక చక్రంలో స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బు ఉంటే, అది తయారైన సంవత్సరం, నెల సూచించే అంకెలు సాధారణంగా దాని మీదే ముద్రించి ఉంటాయి. ఒకప్పుడు చాలా పట్టణాల్లో మునిసిపాలిటీలు సైకిలు పన్ను కట్టించుకుని లోహపు బిళ్లలు ఇచ్చేవి. అలాంటి బిళ్ల మిగిలి ఉంటే ఆ బండి ఏ ఊరి వీధుల్లో తిరిగిందో కూడా తెలుస్తుంది. కొన్న రసీదు ఎప్పుడో పోయినా సైకిలు తన చరిత్రను ఒంటిమీదే మోస్తూ ఉంటుంది. అందుకే పాత సైకిలును బాగుచేయాలని, తనకు నచ్చినట్టు మార్చుకోవాలని సరదాపడేవారు పానా పట్టే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. నేను చేయబోయే పనుల్లో మళ్లీ వెనక్కి తీసుకోలేనివి ఏవి? ఈ అభిరుచిలో మంచిచెడ్డలు తేల్చే కొలబద్ద ఈ ప్రశ్నేనని నా నమ్మకం.

ఇంత పాత యంత్రాన్ని ఇంటి వసారాలో కూర్చుని బాగుచేసుకోగలగడం వెనక పెద్ద చరిత్రే ఉంది. 1885లో ఇంగ్లండులోని కావెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలును తెచ్చాడు. దాదాపు సమానమైన రెండు చక్రాలు, వెనక చక్రాన్ని తిప్పే చైను అప్పుడే కుదిరాయి. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఆ తరవాత స్థిరపడిన రోడ్‌స్టర్ రూపం, అంటే 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు, నల్ల రంగు, స్ప్రింగుల సీటు, దశాబ్దాల తరబడి పెద్దగా మారలేదు. స్వాతంత్ర్యం వచ్చాక మన ఫ్యాక్టరీలూ అదే రూపాన్ని అందుకున్నాయి. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, ఆసన్‌సోల్‌లో సెన్-ర్యాలీ, 1956లో లూధియానాలో హీరో వరసగా మొదలయ్యాయి. ఈ కొనసాగింపు వల్లనే అరవయ్యేళ్ల సైకిలుకు సరిపోయే టైరూ ట్యూబూ, బ్రేకు రబ్బర్లూ, కాటర్ పిన్నులూ ఇప్పటికీ మామూలు సైకిలు షాపుల్లో దొరుకుతున్నాయి. అదే వయసున్న రేడియోకో గడియారానికో ఆ అదృష్టం లేదు. అయితే ఈ సౌలభ్యం వెనకే ఒక చిక్కు ఉంది. కొత్త భాగం చవగ్గా, చేతికి అందేలా ఉన్నప్పుడు పాతదాన్ని తీసి పాత సామాన్లవాడికి వేసేయడానికి చెయ్యి వెనుకాడదు.

కాబట్టి ఏది మార్చవచ్చో, ఏది ముట్టకూడదో ముందే విడదీసుకోవాలి. సైకిలులో కొన్ని భాగాలను అరిగిపోవడానికే చేశారు. టైర్లు, చైను, బ్రేకు రబ్బర్లు, ఇరుసు చుట్టూ తిరిగే ఉక్కు బాల్స్ అలాంటివి. షాపులో ఓవరాయిలింగ్ అనే పనిలో హబ్బులూ, పెడళ్ల ఇరుసు తిరిగే బీబీ విప్పి, కిరసనాయిలుతో కడిగి, కప్పుల్లో గుంటలు పడ్డాయేమో చూసి, కొత్త బాల్స్ వేసి, గ్రీజు పెట్టి బిగిస్తారు. దీనివల్ల చరిత్ర ఏమీ పోదు. తయారుచేసినవారు కోరుకున్నది కూడా ఇదే. నష్టం జరిగేది ఆ పనిని తెలియక చేసినప్పుడు. ఎడమ పెడల్‌కూ, చైను వైపు బీబీ కప్పుకూ ఎదురు మరలుంటాయి. మామూలు దిశలో విప్పబోతే అవి ఇంకా బిగుసుకుంటాయి. చాలా సైకిళ్ల బీబీ మరలు అంగుళానికి 24 అయితే, పాత ర్యాలీలకు 26. కొలత చూడకుండా కొత్త కప్పును బలవంతంగా ఎక్కిస్తే ఫ్రేము మరలే చెడిపోతాయి. క్రాంకును ఇరుసుకు బిగించే కాటర్ పిన్నును సుత్తితో ఇష్టమొచ్చినట్టు కొడితే పిన్ను వంగుతుంది, ఆ దెబ్బ లోపలి కప్పులకూ తగులుతుంది. ముందురోజే నూనె పట్టించి, క్రాంకు కింద ఇనుప గొట్టాన్ని ఆధారంగా పెట్టి, ఒక్క గట్టి దెబ్బతో దించడం మేలు. ఈ అభిరుచిలో డబ్బుకన్నా ఓపికే ఎక్కువ ఖర్చవుతుంది.

రెండో రకం భాగాలు సాక్ష్యాన్ని మోసేవి. రంగు, బంగారు గీతలు, తయారీ నంబరు, ముందు గొట్టం మీది బ్యాడ్జీ, క్రోమియం పూత ఈ కోవలోకి వస్తాయి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. పౌడర్ కోటింగు చేయించాలంటే ముందు ఇసుకతో ఊది పాత పూతంతా లేపేయాలి. ఆ తరవాత సుమారు 200 డిగ్రీల వేడిలో పొడిని కరిగించి అంటిస్తారు. ఆ పూత మందంగా పేరుకుని గొట్టాలను కలిపే లగ్గుల పదును అంచులనూ, గుద్దిన నంబరునూ కప్పేస్తుంది. చేత్తో కుంచె పట్టి లాగిన సన్నటి గీతలు పోతే తిరిగి రావు. క్రోమియం పూత సాధారణంగా మైక్రానులో సగం కూడా ఉండదు, మెరుపుకు అసలు పునాది దాని కింది నికెల్. మళ్లీ పూత వేయించాలంటే లోహాన్ని సానబట్టాలి, దాంతో ముద్రించిన అక్షరాలూ అరిగిపోతాయి. ఆ తొట్లలో వాడే క్రోమియం రసాయనాలు కార్మికుల ఊపిరికీ, వదిలిన నీళ్లకూ హానికరమన్నదీ మరచిపోకూడదు. బ్యాడ్జీని కూడా ఇత్తడి బిందెలా చింతపండు పెట్టి పదేపదే తోమితే అక్షరాల అంచులు అరిగి, నింపిన రంగు ఊడిపోతుంది.

రంగు వేయకపోతే తుప్పు తినేయదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పైపైన పట్టిన తుప్పు వేరు, గొట్టాన్ని లోపలికి తొలిచిన తుప్పు వేరు. మొదటిదానికి కిరసనాయిలులో ముంచిన గుడ్డ, మెత్తటి ఇత్తడి పీచు చాలు. మొండిదైతే, విప్పి తీసిన చిన్న భాగాలను పలుచటి ఆక్సాలిక్ ఆమ్లంలో నానబెట్టవచ్చు. అది విషపదార్థం కనుక తొడుగులు వేసుకుని, పిల్లలకు దూరంగా పెట్టి చేయాలి. తీశాక బాగా కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించాలి. మిగిలిన రంగు మీద మైనం రుద్దితే తేమ అంటదు. గొట్టం పలుచనై పోయినా, అతుకు దగ్గర పగులు కనిపించినా లెక్క మారుతుంది. అప్పుడు ఇత్తడితో అతికించి కొత్త రంగు వేయించడమే సరైన పని. దానికి ముందు గీతల వెడల్పు కొలిచి, ఫొటోలు తీసి, నంబరు రాసిపెట్టుకుంటే పోయేదాని ఆనవాలైనా మిగులుతుంది.

మూడోది, మన కోరికతో చేసే మార్పు. ఒక ఉదాహరణ తీసుకుందాం. పాత 28 అంగుళాల రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు. ఈ కాలపు 700సీ రిమ్ముకు 622. రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్మును లోపలి ముఖం మీద నొక్కుతాయి, కొత్త రిమ్ముకు ఆ ముఖమే ఉండదు. కాబట్టి తేలికైన చక్రం కావాలన్న చిన్న కోరిక బ్రేకులను మార్పిస్తుంది, కొత్త బ్రేకు ఫోర్కుకు రంధ్రం వేయిస్తుంది, చివరికి హ్యాండిలూ మారుతుంది. మిగిలిన సైకిలు పాతదీ కాదు, కొత్తదీ కాదు. ఇప్పుడు ఇంకో దారి చూడండి. రోడ్‌స్టర్‌కు వెనక చక్రంలో సంప్రదాయంగా 40 చువ్వలుంటాయి. పాత స్టర్మీ-ఆర్చర్ హబ్బుల్లో 40 రంధ్రాలవి ఉన్నాయి. ఫ్రేము వెడల్పు కొలిచి, అదే కొలత రిమ్ములో చువ్వలు అల్లించి, కేబులును క్లిప్పులతో ఫ్రేముకు బిగిస్తే మూడు గేర్లు వస్తాయి. మామూలు గేరుతో పోలిస్తే కిందిది పావువంతు తేలిక, పైది మూడోవంతు ఎక్కువ వేగం. వెల్డింగు లేదు, రంధ్రం లేదు. పాత చక్రం అటక మీద భద్రంగా ఉంటుంది. రేపు ఎవరికైనా మునుపటి రూపం కావాలంటే ఒక్క పూట పని.

భద్రత మాటేమిటి అన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. ఉక్కు రిమ్ము తడిస్తే బ్రేకు పట్టు బాగా సడలుతుందన్నది నిజం, చరిత్ర కోసం ఎవరూ ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు. కొత్త రబ్బర్లు, వంకర తీసిన రాడ్లు, బెండు తీసిన రిమ్ము చాలా తేడా చూపిస్తాయి. అదీ చాలకపోతే డ్రమ్ము బ్రేకు హబ్బుతో విడిగా ఒక చక్రం అల్లించుకోవచ్చు. విద్యుత్ మోటారు బిగించేవారు దీన్ని మరింత గట్టిగా పట్టించుకోవాలి. 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న బండ్లను చట్టం మోటారు వాహనాలుగా లెక్కించదు. కానీ ఎప్పుడూ ఆ వేగంతో పరుగెత్తడం రాడ్ బ్రేకులను చేసినవారి ఊహలో లేని సంగతి. బ్రేకులు బాగుపడ్డాకే మోటారు మాట ఎత్తాలి.

ఇంకొందరు మార్పు లేనిదే సృష్టి లేదంటారు. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ యువకులు 1930, 40ల నాటి లావు టైర్ల సైకిళ్లను విప్పి, మార్చి, కొండ దారుల్లో దించారు. 1976 అక్టోబరు 21న వాళ్లు మొదలుపెట్టిన పోటీకి రీప్యాక్ అని పేరు. కొండ దిగేసరికి హబ్బు బ్రేకులో గ్రీజు మాడిపోయి, మళ్లీ నింపాల్సి వచ్చేది, అందుకే ఆ పేరు. మౌంటెన్ బైకు పుట్టింది అక్కడే. వాళ్లను తప్పుపట్టలేం. కానీ వాళ్లు తీసుకున్నవి ఆనాడు విరివిగా దొరికిన, ఎవరికీ పట్టని బండ్లు. ఆ ప్రయోగాలు నేర్పిన పాఠంతో 1977లో జో బ్రీజ్ ఆ పని కోసమే కొత్త ఫ్రేము తయారుచేశాడు. ప్రయోగానికి అనేకంలో ఒకటి చాలు, అరుదైనది అక్కర్లేదు. నల్ల రోడ్‌స్టర్లు ఇప్పటికీ అనేకమే కదా అనుకోవచ్చు. కానీ సెన్-ర్యాలీ ఇప్పుడు లేదు. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు, సాహిబాబాద్‌లో అట్లాస్ ఉత్పత్తి ఆగిపోయింది. ఏ మామూలు వస్తువు ఎప్పుడు అరుదవుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

ఇలా కాపాడుకుంటూ పోతే సైకిలు బొమ్మలా మూలన పడుతుందన్న భయమూ అక్కర్లేదు. ఇటలీలో 1997 నుంచి జరుగుతున్న ఎరోయికా యాత్రలో 1987కు ముందు నాటి సైకిళ్ల మీద వేల మంది మట్టి రోడ్లు తొక్కుతారు. తొక్కితేనే ఏ కప్పు వదులైందో, ఏ చువ్వ సడలిందో తెలుస్తుంది. కాబట్టి తొక్కండి, అవసరమైతే మార్చండి. తీసిన ప్రతి భాగానికీ నూనె రాసి, చీటీ కట్టి, ఒక సంచిలో దాచండి. తాత కొన్న సైకిలు మనవరాలి చేతికి వచ్చేనాటికి ఆ సంచి కూడా దానితోపాటే ఉంటే, దాన్ని ఎలా ఉంచాలో తేల్చుకునే హక్కు ఆమెకూ దక్కుతుంది.